నీళ్లు తాగేసిన చెరువు

విజయనగరంలో మేము అద్దెకుంటున్న ఇంట్లో వంటగది సింకులోంచి నీళ్లు దిగవు. ఇంటాయనకు చెబితే, "మెల్లగా దిగుతాయి బాబూ, తొందరేటి?" అంటాడు. ఆయనతో వాదించే అర్హత నాకు లేదు. నీళ్ల విషయంలో నా మాట నమ్మి ఒక మనిషి ఏకంగా చెరువే తవ్వించాడు. అందులో ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి. చెబుతాను, నవ్వండి. నాకూ కాస్త తోడుంటుంది.

ఆ మనిషి మా మేనమామ. వంశధార పక్కన సేద్యం. మా అత్త బతికినన్నాళ్లూ దూరపు బోరు నుంచి బిందెలు మోసి వంగతోట తడిపింది. పొలంలో చిన్న చెరువు తవ్వించమని ఏటా అడిగేది. మావ ఏటా "వచ్చే ఏడు" అనేవాడు. ఆ వచ్చే ఏడు వచ్చేసరికి అత్త లేదు. సంవత్సరీకం నాటికైనా చెరువు తవ్వించి, ఆ నీళ్లతోనే ఆమెకు తర్పణం వదలాలని మావ పట్టు.

"మట్టి సదువు సదివేవు కదరా. ఎక్కడ తవ్వితే నీల్లు నిలబడతాయో సెప్పు," అన్నాడు.

చెప్పకుండా ఉంటానా? అడుగులేని ఇనప డబ్బా ఒకటి నేలలో దిగ్గొట్టి, నీళ్లు పోసి, ఎంత వేగంగా ఇంకుతాయో చూశాను. ఇసక దిబ్బలో, పనుందంటే మా బావ మాయమైనట్టు మాయమయ్యాయి. ఎర్ర గరువు మెట్టనేలలో కొత్తల్లుడు అన్నం తిన్నట్టు మొహమాటంగా దిగాయి. దమ్ము చేసిన వరి మడిలో మాత్రం అలిగిన పెళ్లివారిలా కదల్లేదు.

"ఇక్కడే మావా. నిలవకపోతే నా చదువు పట్టా పొయ్యిలో పెట్టు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను తొక్కిన అడుసునే నమ్మాను. ఏళ్ల తరబడి నీళ్లలో దున్ని, తొక్కి, మెదిపిన జానెడు పొర అది. నీళ్లను ఆపుతున్నది ఆ పొరే. దాని కింద ఏముందో నా డబ్బా చెప్పలేదు, నేనడగలేదు. వేసవిలో పొక్లెయిన్ వచ్చి ముందుగా ఆ పొరనే ఎత్తి గట్టున పోసింది. కిందనుంచి ఏటి ఇసక వచ్చింది, పంచదారలా. బాగుందని ఫొటో కూడా తీసుకున్నాను.

సంవత్సరీకం ముందురోజు పెద్ద వాన. సాయంత్రానికి చెరువు నిండింది. మావ గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు, లోపలున్న మనిషిని చూస్తున్నట్టు. తెల్లారి వెళ్తే అడుగున కాస్త తడి, నన్నే చూస్తున్న ఒక కప్ప.

"సెరువని సెప్పి జల్లెడ తవ్వించేవేట్రా," అన్నాడు బావ. ఆ రోజు మాత్రం మాయం కాలేదు.

మావ ఇంట్లోకెళ్లి అత్త బిందె తీసుకుని దూరపు బోరు వైపు నడిచాడు, ఆమె నడిచిన గట్టు మీదే. ఆ నీళ్లతోనే తర్పణం అయింది.

అప్పుడే ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట పైపొర చూసి లోపల ఏముందో చెప్పను, నేలదైనా, మనిషిదైనా, సింకుదైనా. చేసి ఊరుకోవచ్చు కదా. అడుగున బంకమట్టి పరిచి తొక్కిస్తే వచ్చే ఏడు నీళ్లు ఆగుతాయని మావకు వివరించబోయాను.

మావ ఖాళీ బిందె బోర్లించి నా వైపు చూశాడు.

"నీల్లు నిలబడలేదని మొకం మాడ్సుకుంతన్నావేటిరా? మడిసే నిలబడలేదు."