తలుపు తీయని మధ్యాహ్నం

మా పోస్టుకి నేను చేరింది అక్టోబరు నెలాఖరున, మధ్యాహ్నం రెండు దాటాక. తెల్లవారుజామున ఐదింటికి కింద బేసులో బయలుదేరాం. కంచరగాడిదల వెనక నడక. వీపు మీద ఇరవై కిలోల సామాను, భుజాన రైఫిలు. పదకొండు వేల అడుగుల ఎత్తు. పైకి చేరేసరికి మాట పెగల్లేదు. శిఖరం మీద రాళ్ళ మధ్య నాలుగు బంకర్లు, రేకు గొట్టంలోంచి నల్లటి పొగ. ఎదుటి కొండ అవతలి దేశానిది. వాళ్ళ పొగ కూడా కనిపించేది.

నేను పుట్టింది కోనసీమలో, కొత్తపేట పక్కన. మా ఊళ్ళో ఎత్తయిన నేల అంటే కాలవ గట్టే. అలాంటివాణ్ణి కొండ మీద ఒక చలికాలమంతా ఉన్నాను.

నా డ్యూటీ మందుగుండు. పోస్టులోని తూటాలు, గ్రెనేడ్లు, మోర్టారు గుళ్ళు అన్నిటికీ నేనే జవాబుదారీ. ఊళ్ళో ఎవరైనా "మిలట్రీలో ఏం చేసేరండి?" అని అడిగితే "కొట్టుగది చూసుకున్నాను" అంటాను. నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ కొట్టుగది కథే ఇది.

మా ముందు ఉన్న దళం వాళ్ళు దిగిపోతూ మందుగుండు బంకరు అప్పజెప్పారు. లోపలికి వెళ్ళి టార్చి వేసి చూశాను. మోర్టారు గుళ్ళ పెట్టెల మీదే గ్రెనేడ్ల డిటొనేటర్లు. మూల కిరోసిను డబ్బాలు. గోడ అవతల జవాన్లు పడుకునే బంకరు, అందులో బుఖారీ. బుఖారీ అంటే మంచుకొండల్లో గది వెచ్చబెట్టుకునే కిరోసిను పొయ్యి. అంటే పొయ్యికీ మందుగుండుకీ మధ్య ఒక్క చెక్కగోడ.

పోస్టు పెద్ద మా సుబేదార్ సాబ్. గఢ్వాలీ మనిషి, తక్కువ మాట్లాడతాడు. వెళ్ళి చెప్పాను.

"సాబ్, దీన్ని ఇక్కణ్ణుంచి తీసెయ్యాలి. ఆ పెద్దబండ వెనకాల కొత్తది తవ్వాలి."

"నేల గడ్డకడుతోంది, తెలుసా?"

"తెలుసు సాబ్."

ఆయన టీ గ్లాసు కింద పెట్టి బండ వైపు చూశాడు. "మంచు పడేలోపు అయిపోవాలి," అన్నాడు.

తవ్వడం మొదలుపెట్టాం. పలుగు వేస్తే నిప్పురవ్వలు వచ్చేవి గానీ మట్టి వచ్చేది కాదు. కాపలా డ్యూటీ దిగినవాళ్ళు దిగినట్టే పలుగు పట్టుకోవాలి. అందరికీ నా మీద కోపమే. అందులో నోరున్నవాడు మోర్టారు నాయక్. నాయక్ అన్నది పేరు కాదు, హోదా. అతనిది రాజోలు. పోస్టు మొత్తానికి తెలుగువాళ్ళం ఇద్దరమే.

"ఏవండీ అన్నగారూ, ఆ పాతదానికేమొచ్చిందండి? ఇన్నాళ్ళూ వాళ్ళుండలేదా అందులో?"

"ఇన్నాళ్ళూ నిప్పంటుకోలేదు కాబట్టి ఉన్నారు."

"ఆయ్, అలాగే చెప్పండి. నా చేతులు చూడండి, కొబ్బరి పీచైపోయినియ్!"

తిడుతూనే అందరికంటే లోతుగా తవ్వింది అతనే. నవంబరు మూడో వారానికి కొత్త బంకరు లేచింది. మూడు వైపులా రాయి, ముందు ఇసుక బస్తాల గోడ. నేల మీద దుంగలు పరిచి, వాటి మీద పెట్టెలు పేర్చాను, తేమ ఎక్కకుండా. గోడకీ పెట్టెలకీ మధ్య చెయ్యి పట్టేంత సందు, గాలి ఆడ్డానికి. డిటొనేటర్లకి వేరే గూడు, వేరే తాళం. కిరోసిను దరిదాపుల్లో లేదు. తాళంచెవి నా మెళ్ళో ఒకటి, సుబేదార్ సాబ్ దగ్గర ఒకటి. పైకప్పుకి రేకు, దాని మీద ఇసుక బస్తాలు, వాటి మీద టార్పాలిన్.

తాళం వేసిన సాయంత్రమే మంచు మొదలైంది. మళ్ళీ ఏప్రిల్ దాకా కింద దారి కనిపించలేదు.

జనవరిలో ఒకరోజు. పొద్దున్నే పైకప్పుల మీద పేరుకున్న మంచంతా పారలతో లాగేశాం. లాగకపోతే బరువుకి కప్పు కూలుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. గాలి పడమటి నుంచి ఈడ్చి కొడుతోంది. నేను బయట నా రైఫిలు తుడుచుకుంటున్నాను. ఎవరో అరిచారు.

జవాన్ల బంకర్లో బుఖారీ గొట్టం ఎర్రగా కాలి, చెక్క కప్పుకి నిప్పంటుకుంది. లోపల పడుకున్నవాళ్ళు సాక్సులతోనే మంచులోకి దూకారు. అందరూ బయటపడ్డారు. మా వంటవాడు బకెట్లో మంచు ఎత్తి పోస్తున్నాడు గానీ, గాలి ముందు అదెంత? చూస్తుండగానే మంట కప్పు చీల్చుకుని లేచింది. కాలిన చెక్కముక్కలు గాల్లోకి లేచి, సరిగ్గా పెద్దబండ మీదుగా వెళ్ళి మందుగుండు బంకరు మీద పడుతున్నాయి. ఆ కప్పు మీద మంచు లేదు. పొద్దున్న మేమే లాగేశాం. పైన ఉన్నది ఒట్టి టార్పాలిన్. అది అంటుకుంటే మంట తలుపు దాకా దిగుతుంది.

రేడియో ఆపరేటరు, కేరళ అబ్బాయి, రేడియో గుండెకి హత్తుకుని రాయి చాటున కూర్చుని కింది కంపెనీకి కబురు పంపుతున్నాడు. రేడియోలో మా పోస్టు పేరు దేవదార్.

"కంపెనీకి దేవదార్. మా దగ్గర అగ్నిప్రమాదం. మనుషులంతా క్షేమం. ఓవర్."

"దేవదార్, మందుగుండు సంగతేంటి? ఓవర్."

అతను నావైపు చూశాడు. నేను అప్పటికే మందుగుండు బంకరు తలుపు ముందున్నాను. నా పక్కన మోర్టారు నాయక్.

"తలుపు తియ్యండన్నగారూ! పెట్టెలు బయటికి లాగేద్దాం! లోయలో పడేద్దాం!"

"తియ్యను."

"అది పేలితే ఈ కొండ మీద ఒక్కడు మిగలడండీ!"

"తీస్తేనే పేలుద్ది. రవ్వలు చూడు ఎలా వస్తున్నాయో. తలుపు తీస్తే నేరుగా లోపలికే. అన్నీ చెక్కపెట్టెలు."

అతను నా మెళ్ళో తాళంచెవి వైపు చూశాడు. లాక్కుంటాడేమో అనుకున్నాను. దాన్ని కోటు లోపలికి తోసేశాను. పుస్తకంలో చదివింది వేరు. ఇరవైమంది ప్రాణాలు ఎదురుగా పెట్టుకుని "తియ్యను" అనడం వేరు. నాది తప్పయితే తప్పని చెప్పేవాడు కూడా మిగలడు.

సుబేదార్ సాబ్ పరుగున వచ్చాడు. ఆయన తలుపు వైపు చూడలేదు. నా మొహం వైపు చూశాడు.

"నీ సామాను. నువ్వు చెప్పు."

"మూసే ఉంచాలి సాబ్. కప్పు మీద మంచు వెయ్యాలి. ఉన్నవాళ్ళందరూ."

"విన్నారా? పారలు!"

 పారలు దొరికినవాళ్ళు పారలతో, దొరకనివాళ్ళు పళ్ళేలతో, హెల్మెట్లతో. మంటని వదిలేశాం. కాలే బంకరుని కాలనిచ్చాం. మా పరుపులు, బట్టలు, ఇంటి నుంచి వచ్చిన ఫొటోలు అన్నీ అందులోనే పోయాయి. ఒక్కరు కూడా అటు చూడలేదు. మోర్టారు నాయక్ మందుగుండు బంకరు కప్పు మీదికెక్కి పడుకున్నాడు. కింద నుంచి మేం విసిరే మంచుని అందుకుని, ఒళ్ళంతా పెట్టి అదుముతూ పరిచాడు. రవ్వలు అతని కోటు మీద కూడా పడుతున్నాయి. చేత్తో దులుపుకుంటున్నాడు, దోమల్ని దులుపుకున్నట్టు.

"దేవదార్, మందుగుండు? ఓవర్." రేడియో మళ్ళీ అడిగింది.

"మూసి ఉంది. మూసే ఉంచుతున్నాం. ఓవర్."

నాలుగున్నరకి జవాన్ల బంకరు కూలిపోయింది. పాత మందుగుండు గది గోడ దాంతోపాటే కూలి, నుసి అయింది. మేమంతా నిలబడి ఆ గదినే చూశాం. అక్టోబరులో అందులో ఏమేం ఉన్నాయో అందరికీ తెలుసు. సుబేదార్ సాబ్ నా భుజం మీద చెయ్యి వేసి, కొంచెంసేపు ఉంచి, తీసేశాడు. నాకు ఆ తర్వాత కాగితం మీద కూడా మెప్పు వచ్చింది. ఆ చెయ్యి బరువు దానికి లేదు.

మోర్టారు నాయక్ కప్పు దిగి వచ్చాడు. కనుబొమలు కాలిపోయాయి.

"అన్నగారూ, మీరు తలుపు తీసుంటే నేను మా రాజోలు మళ్ళీ చూసేవాణ్ణి కాదండి," అన్నాడు. కోటు మీది నుసి దులుపుకుంటూ, "మా చేత ఆ గొయ్యి తవ్వించినందుకు తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుంటున్నానండి. సగం," అన్నాడు.

ఏప్రిల్లో దారి తెరిచాక దిగొచ్చాం. సర్వీసు అయ్యాక ఊరొచ్చేశాను. ఇప్పుడు ఒక బ్యాంకులో గన్‌మేన్‌ని. రోజూ ఉదయం ఎనిమిదింటికి బస్సు. లైసెన్సు తుపాకి నాదే, తూటాలూ నావే. అంటే మందుగుండు మళ్ళీ నా ఇంట్లోకి వచ్చింది.

ఇంటికి తెచ్చిన రోజున మా అత్తయ్యగారు "దేవుడి గదిలో పెట్టండి బాబూ, ఆయుధం కదా" అన్నారు. అక్కడ దీపం ఉంటుంది, వద్దన్నాను. వంటింటి అటక వద్దన్నాను, కింద గ్యాసు. బీరువాలో బట్టల కింద వద్దన్నాను, పిల్లలు ముందు వెతికేది అక్కడే. తుపాకిని ఖాళీ చేసి, గోడకి బోల్టు వేసిన ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తూటాలు ఇంకో గదిలో, వేరే ఇనప డబ్బాలో, నేలకి ఎత్తుగా. మన కోనసీమ గాలికి ఉప్పే నీరైపోతుంది, తూటా ఎంత? అందుకే లోపల తేమ పీల్చే పొట్లాలు వేసి, అప్పుడప్పుడూ మారుస్తాను. తుపాకి తాళం నా దగ్గర. తూటాల తాళం మా ఆవిడ దగ్గర. అది ఎక్కడ పెడుతుందో నాకు తెలియదు. అడగను కూడా. డ్యూటీకి వెళ్ళేప్పుడు తనే ఇస్తుంది, రాగానే తీసుకుంటుంది.

మొన్నామధ్య మా బావమరిది కువైట్ నుంచి సెలవుకి వచ్చాడు. కూతురి ఓణీల ఫంక్షను. ఇంటి నిండా జనం.

"బావగారూ, ఒక్కటంటే ఒక్కటి గాల్లోకి పేల్చండి. వీడియో తీసుకుంటాను!"

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ అందుకుంది.

"తాళం నా దగ్గరుందిరా తమ్ముడూ."

"అయితే ఇవ్వక్కా!"

"ఇవ్వను. అది డ్యూటీకి. ఫంక్షనుకి కాదు. బాణాసంచా కావాలంటే బజారుకెళ్ళు."

వాడు బతిమాలాడు. చుట్టాలు నవ్వారు. ఆవిడ పులిహోర వడ్డిస్తూనే ఉంది. సుబేదార్ సాబ్ అక్కడ ఉండుంటే ఆవిడకి శాల్యూట్ కొట్టేవాడు. నేను కొట్టలేదు గానీ, ఆ పూట నా ఛాతీ సర్వీసు మెడల్ పెట్టుకున్నప్పటికంటే ఎక్కువే పొంగింది.

బ్యాంకు గుమ్మంలో నిలబడి ఉంటాను కదా, పని లేనప్పుడు ఒకటి కళ్ళ ముందుకొస్తుంది. మంటలు కాదు. ఆ మర్నాటి ఉదయం.

ఎండ వచ్చాక ఒక్కణ్ణే మందుగుండు బంకరు కప్పు ఎక్కాను. మేం పరిచిన తెల్లటి మంచు నిండా నల్లటి చిల్లులు, పెరుగన్నంలో తాలింపు ఆవాల్లా. ఒక్కో చిల్లు అడుగున ఒక్కో బొగ్గుముక్క. ఎక్కడ పడింది అక్కడే దిగి, చల్లారిపోయింది. సరిగ్గా తలుపు పైన మంచు పల్చగా ఉన్నచోట ఒకటి మాత్రం టార్పాలిన్ దాకా దిగింది. గుడ్డ రూపాయి బిళ్ళంత మేర గోధుమరంగుకి తిరిగింది. చిరగలేదు.

చేతి తొడుగు తీసి, దాని మీద వేలు పెట్టాను. చల్లగా ఉంది.