సామాన్ల దగ్గర మనిషి

ఎక్కడికి షికారెళ్ళినా సామాన్ల దగ్గర కూర్చునే మనిషి ఒకరుంటారు. మా జట్టులో ఆ మనిషిని నేనే. ఒళ్ళు కాస్త ఎక్కువ, నడక కాస్త తక్కువ. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాని. ఏటా సెలవుల్లో ఆఫీసు వాళ్ళం పదిమందిమి కలిసి, చవకగా దొరికే హాస్టళ్ళు చూసుకుని తిరిగొచ్చేవాళ్ళం. విశాఖలో సముద్రం ఒడ్డున హాస్టల్లో దిగినప్పుడు అందరూ అలల్లో గంతులేస్తుంటే, నేను ఇసుకలో కూర్చుని వాళ్ళ చెప్పులకీ వాచీలకీ కాపలా కాశాను. "మీరుంటే మాకు బెంగే లేదండీ" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. పైకి మాత్రం నవ్వాను.

తొంభైల చివర్లో హిమాలయాలకి వెళ్దామన్నారు. కొండ కింద హాస్టల్లో బస, మూడోనాడు మంచు కనుమ దాకా నడక. ఈసారి ఎక్కి తీరాలనుకున్నాను. మావైపు అంతంత కొండలెక్కడివి? ఇంటి దగ్గరున్నదల్లా ఏటిగట్టు. నెలరోజులపాటు పొద్దున్నే వీపుసంచీలో ఎనిమిది కిలోల బియ్యం వేసుకుని గట్టు ఎక్కి దిగాను. ఊపిరి బిగబట్టి ఒక్క పరుగున ఎక్కేసేదాన్ని. గేదెలు తోలుకెళ్ళే పెద్దాయన రోజూ చూసి చూసి, "ఏమ్మా, గట్టవతల ఏదన్నా పోయిందాండీ?" అనడిగాడు.

"పోయిందండీ, నా పరువు" అన్నాను.

హాస్టల్లో ఆడవాళ్ళందరికీ ఒకటే పొడుగాటి హాలు. ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు. నాకు పైది వచ్చింది, కిందది మా వదినకి. వదినంటే మా ఆయన అక్క. పెనుగొండ దగ్గర సొంతంగా వ్యవసాయం చేయించుకునే మనిషి. అంతదూరం నన్నొక్కదాన్నీ పంపడమెందుకని మా ఆయన ఆవిడని తోడిచ్చాడు. నేనెక్కినప్పుడల్లా మంచం కిర్రుమనేది. "ఇదెక్కావుగా, ఇంక కొండెంతలే" అనేది వదిన.

రెండోరోజు పక్కనున్న గుట్ట మీదికి పరీక్ష నడక. మమ్మల్ని నడిపించే ఆయన కాకినాడలో డ్రిల్లు మేస్టారుగా చేసి రిటైరయ్యారు. నేను ఏటిగట్టు అలవాటుకొద్దీ పరుగందుకున్నాను. అందరికంటే ముందున్నాను. గట్టయితే ఆపాటికి అయిపోయేది, గుట్ట అవలేదు. పావుగంటకల్లా కళ్ళు బైర్లు కమ్మి ఓ రాయి మీద కూలబడ్డాను. మేస్టారు పక్కన కూర్చుని మర్యాదగానే చెప్పారు.

"రేపు మీరు హాస్టల్లోనే ఉండండమ్మా. ఎలాగూ సామాన్ల దగ్గర ఒకరుండాలి కదండీ."

వెనక్కొచ్చి, మంచమెక్కి, కోపంతో ఏడ్చాను. కింద నుంచి వదిన అడిగింది, "ఎందుకే అంత పరుగు?"

"గట్టు అలాగే ఎక్కానుగా!"

"గట్టెంత, ఇరవై అంగలు. ఊడ్పుల్లో మొదటి గంటే పరుగులెట్టిన మనిషి మధ్యాహ్నానికి చతికిలబడుద్ది. పక్కదాని వంక చూడకూడదు. నీ వరస నువ్వు నాటుకుంటా పోవాలి, అంతే."

కళ్ళు తుడుచుకుని మేస్టారి దగ్గరికెళ్ళాను. "నేనూ వస్తున్నానండీ. మీకంటే గంట ముందు వదినా నేనూ బయల్దేరతాం. సగం దారిలో టీకొట్టుందన్నారుగా. అక్కడికి నాకంటే ముందు మీరు చేరితే నోరెత్తకుండా వెనక్కొచ్చేస్తాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మాట మీద ఉంటారాండీ?"

"ఉంటానండీ."

మర్నాడు వెలుగు రాగానే బయల్దేరాం. ఒక అడుగు, ఒక ఊపిరి. మళ్ళీ ఒక అడుగు. పైకి చూడలేదు, వెనక్కి చూడలేదు. కాళ్ళు లాగేస్తున్నాయి. ఇప్పుడాగితే బతుకంతా చెప్పులకి కాపలాయే అనుకుంటూ నడిచాను. టీకొట్టు దగ్గర సగం గ్లాసు తాగేసరికి కింద మలుపులో మేస్టారి విజిల్ వినబడింది. ఆయనొచ్చి నన్ను చూసి, తనూ ఓ టీ చెప్పుకున్నారు.

ఆ తర్వాత అందరూ నన్ను దాటిపోయారు. పోనిమ్మన్నాను.

కనుమ చేరేసరికి అందరికంటే ఆఖరిదాన్ని. తెల్లగా ఇంత మంచు. మావాళ్ళు సంచులన్నీ ఒకచోట కుప్ప పోసి, జారడానికి సిద్ధంగా ఉన్నారు. నన్ను చూడగానే అందరి మొహాలూ వెలిగాయి.

"హమ్మయ్య, వచ్చారాండీ. కాస్త ఈ సంచులు..."

నా వీపుసంచీ తీసి ఆ కుప్ప మీదే పెట్టాను. "మేస్టారూ, నాది కూడా చూస్తుండండి" అని వదిన చెయ్యి పట్టుకుని మంచులోకి జారాను.