వదిన మాట్లాడితే వినని చెవి

నిచ్చెన మీద నిలబడి మేస్త్రి పైకప్పుకు రంధ్రం వేస్తున్నాడు. ఒక చేత డ్రిల్లు, రెండో చేత దుమ్ము కింద పడకుండా పట్టిన డబ్బా మూత. బస్టాండులో ప్రయాణికులు కూర్చునే పెద్ద హాలు అది. అతను బిగించబోయే సెన్సరు నిమ్మకాయంత ఉంటుంది. దాని పని వినడమే. హాల్లో గోల పెరిగితే స్పీకర్ల గొంతు పెంచుతుంది, సద్దుమణిగితే దించుతుంది. పనివాళ్లు దాన్ని చెవి అనే పిలుస్తారు.

ఎక్కడ పెట్టాలన్నదే అందులో అసలు పని. స్పీకరు పక్కన పెడితే తన కేకే తను విని ఇంకా అరుస్తుంది. మంచినీళ్ల కూలరు పక్కన పెడితే దాని గుర్రు విని, జనం లేకపోయినా గోలగోలగా మోగుతుంది. అందుకే మేస్త్రి పొద్దున్నుంచి బెంచీ మార్చి బెంచీ మీద కూర్చుని, కళ్లు మూసుకుని విన్నాడు. చివరికి జనం కూర్చునే చోటికి సరిగ్గా పైన, ఆ రెండింటికీ దూరంగా జాగా చూసుకున్నాడు.

గాజు గదిలో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పేది అతని సొంత వదిన. పాత మైకు సెట్టుతో ఏళ్ల తరబడి అరిచి గొంతు పాడుచేసుకుంది. ఇంకా అరిస్తే ఉన్న గొంతూ పోతుందన్నాడు డాక్టరు. కొత్త సెట్టు పనిచేస్తే మెల్లగా మాట్లాడుతూ అదే కుర్చీలో ఉండొచ్చు. లేదంటే రేపటి నుంచి రికార్డు చేసిన గొంతు పెట్టుకుంటామని మేనేజరు మర్యాదగానే చెప్పేశాడు.

మధ్యాహ్నం ఖాళీ హాల్లో వదిన గుసగుసగా చెప్పినా చివరి బెంచీ దాకా వినిపించింది. సాయంత్రం రద్దీలోనూ ఇలాగే ఉండాలన్నాడు మేనేజరు.

సాయంత్రమైంది. బస్సు వెంట బస్సు. గోల మిన్నంటింది. స్పీకర్ల గొంతు మాత్రం మధ్యాహ్నం ఎక్కడుందో అక్కడే ఉంది. ఏమీ వినపడక జనం గాజు గది చుట్టూ మూగారు. వదిన గొంతు పెంచబోయి దగ్గింది.

మేస్త్రి నిచ్చెనెక్కి చెవి విప్పబోయి ఆగాడు. మధ్యాహ్నం విన్నది ఇప్పుడెందుకు చెవిటిదైంది? అక్కడి నుంచే గాజు గదిలోకి చూశాడు. వదిన తల పక్కకు తిప్పి నీళ్లు తాగుతోంది, బొటనవేలు మాత్రం మైకు బటన్ మీదే ఉంది. పాత సెట్టు నొక్కగానే అందుకునేది కాదు. అందుకని రద్దీ వేళ ఆమె వేలు తీయడమే మానేసింది. ఆ అలవాటు పోలేదు.

అతను దిగి లోపలికి వెళ్లాడు.

"వదినా, నువ్వు బటన్ నొక్కినంతసేపూ అది చెవులు మూసుకుంటుంది. నీ గొంతే జనం గోల అనుకోకుండా అలా చేశారు. వేలు తీస్తేనే హాలుని వింటుంది."

"అంటే, నేను మాట్లాడుతుంటే వినదన్నమాట."

"వినదు."

"అచ్చం మీ అన్నయ్యే. ఇంట్లో ఉన్నది చాలదని ఇక్కడా ఒకటి తెచ్చి బిగించావా, మరిదీ?"

"మా అన్నయ్యకు బటన్ లేదు వదినా. దీనికైనా ఉంది."

వదిన నవ్వి వేలు తీసింది. చెయ్యి మళ్లీ అటే పోతుంటే ఒళ్లో పెట్టుకుంది. మైకు పక్కనున్న సెట్టు పెట్టె మీద, స్పీకర్ల గొంతు ఎంతుందో చూపే పచ్చ దీపాలు ఒక్కొక్కటే పైకి పాకాయి. అప్పుడు నొక్కి, వంటింట్లో మాట్లాడినంత నెమ్మదిగా తరవాతి బస్సు సంగతి చెప్పి, వేలు తీసేసింది. చివరి బెంచీలో ఒక ముసలావిడ సంచీ అందుకుని లేచింది. గాజు గది ముందు గుంపు పలచబడింది.

మేస్త్రి నిచ్చెన మడిచి, బెంచీ కింద రాలిన దుమ్ము తుడిచి, సెట్టు పెట్టె తాళంచెవి మేనేజరు చేతిలో పెట్టాడు. మేనేజరు దాన్ని జేబులో వేసుకోలేదు. గాజు గది కిటికీలోంచి వదినకు అందించాడు.

"ఇది మీ దగ్గరే ఉండనివ్వండమ్మా."