మూడు చీట్లు

ఆ ఉదయం కంపౌండర్ తాత అరుగు మీద పాలచెంబు బోర్లించే ఉంది. రోజూ పాలామె రాకముందే ఆయన దాన్ని తిప్పిపెట్టేవాడు. నేను మా కిటికీలోంచి చాలాసేపు చూశాను. చివరికి ఆయన కోడలు బయటికి వచ్చి, "మామ పోయిండు బిడ్డా" అంది.

నాకు ముందు దుఃఖం రాలేదు. భయం వేసింది.

పదహారో ఏట, కాన్వెంటు హాస్టల్లో, నేను మాట్లాడటం మానేశాను. పెదవులు మాత్రం కదిలేవట. మదర్ ఉత్తరం రాస్తే బాపు వచ్చి కరీంనగర్‌కు తీసుకొచ్చాడు. పక్కింటి తాత పనిచేసే దవాఖానాకే తీసుకెళ్లాడు. డాక్టరు నాలుక చూసి, చీటీ మీద హిస్టీరియా అని రాశారు. పెళ్లి చేస్తే పోతుందన్నారు.

వారం తర్వాత మళ్లీ వెళితే వేరే డాక్టరు ఉన్నారు. అక్కడ పాత చీటీ చూసి కొత్త డాక్టరు దాని కిందే రాయడం అలవాటు. తాత నా చీటీని మడిచి జేబులో పెట్టుకుని, ఖాళీది ఒకటి ఇచ్చాడు. ఈయన స్కిజోఫ్రీనియా అని రాసి, హైదరాబాదు పిచ్చాసుపత్రికి పంపమన్నారు.

అవ్వ నా బట్టలు మడతపెట్టింది. బాపు ట్రంకులోంచి పుస్తకాలు తీసేశాడు. గొళ్లెం పడిన చప్పుడు నాకిప్పటికీ గుర్తే.

తాత వచ్చాడు. "జర ఆగు కొడుకా. ఇంకొక్కపారి చూపిద్దాం."

"ఇద్దరు చూసిండ్రు గద కాకా. ఊరందరికి చూపియ్యాల్నా?"

"మొదటాయినకే చూపిద్దాం. కొత్త చీటీతోని."

నెల కూడా కాలేదు. ఆ డాక్టరు నన్ను గుర్తుపట్టలేదు. ఈసారి మందబుద్ధి అని రాశారు.

తాత మూడు చీట్లనూ మా చాప మీద పరిచాడు. "గీంట్ల నీ బిడ్డ ఏదో నువ్వే చెప్పు."

బాపు చివరి చీటీ చేతిలోకి తీసుకున్నాడు. "మందబుద్ధేంది కాకా. ఇది ఇంగ్లీషు బుక్కులు చదువుతది."

"గా ముచ్చట వాళ్లు అడుగలే, నువ్వు చెప్పలే."

ట్రంకు మళ్లీ అటకెక్కింది.

తర్వాత ప్రతి సాయంత్రం తాత ఖాళీ మందు సీసాలు తెచ్చి, వాటి మీద అంటించిన కాగితాలు చదవమనేవాడు. తన కళ్లు ఆనడం లేదనేవాడు. నాకు ఒక్కో పేరుకు చాలాసేపు పట్టేది. "మెల్లగ చదువు బిడ్డా. సీసా ఏడికి పోదు" అనేవాడు. అలా నాకు మాట వచ్చింది.

ఖాళీ చీటీ ఎందుకిచ్చావని ఒకసారి అడిగాను. "ఒకాయిన రాసింది చూసి ఇంకొకాయిన రాస్తే, చూసింది ఒక్కరే గద" అన్నాడు. డాక్టర్లది తప్పని మాత్రం ఎన్నడూ అనలేదు. "నాకు తెల్వదు. వాళ్లకూ తెల్వదు. ఆగి చూద్దాం" అనేవాడు. అట్లా ఆరేళ్లు నాతోపాటు ఆగాడు.

ఇప్పుడు కోడలు ఆయన గది సర్దుతోంది. చీట్లు ఆయన రేకుపెట్టెలో ఉన్నాయి. మూడింటి మీదా నా పేరే. అవి దొరికినవాళ్లు ఏదో ఒకటి నమ్ముతారు. వెళ్లి అడగాలని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చెంబు ఇంకా బోర్లించే ఉంది.

హాస్టల్లో నాకొక గొంతు వినబడేది. దానికి జవాబు చెబుతుంటేనే పెదవులు కదిలేవి. ఆ సంగతి తాతకొక్కడికే చెప్పాను. అది ఇప్పటికీ వినబడుతుంది.