ఎత్తిన చెయ్యి

అమెరికాలో అరోరా అనే ఊళ్లోని వృద్ధాశ్రమంలో అప్పుడే ఉద్యోగంలో చేరాను. రోజూ పెద్దవాళ్లతో కుర్చీల్లోనే వ్యాయామం చేయించేదాన్ని. "హ్యాండ్స్ అప్" అనగానే అందరూ చేతులెత్తేవారు. జర్మనీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం చేతులు తొడల కింద దాచుకునేవారు. మొండితనం అనుకుని, ఒకరోజు నేనే ఆయన కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తాను.

"దించు! ఊరు పోతుంది!" అని ఆయన పెట్టిన కేకకు హాలంతా బిగుసుకుపోయింది.

సాయంత్రం ఆయన కూతురు చెప్పింది. ఆయన ఒకప్పుడు జర్మనీలో రాష్ట్ర శాసనసభ్యుడట. బొగ్గు గని కోసం ఒక ఊరిని ఖాళీ చేయించే తీర్మానానికి చెయ్యెత్తారట. అది ఆయన పుట్టిన ఊరే.

మొన్న మా తెలుగు చర్చిలో ఒక కుటుంబాన్ని సంఘంలోంచి తొలగించడానికి చేతులెత్తమన్నారు.

"ఎత్తవేం? అందరూ చూస్తున్నారు" అన్నారు మావారు.

నా చేతులు తొడల కిందికి ఎప్పుడు వెళ్లాయో నాకే తెలియదు.