పలకలు పైకెత్తండర్రా!

నిన్న మండపేటలో మా టీచర్లకి ట్రైనింగ్. పిల్లల్ని పరీక్షించే పద్ధతులన్నీ తెర మీద చూపించి, ఏ పాఠానికి ఏది వాడతామో ఎంచుకోమన్నారు. చివరికి తలా ఒక బుల్లి తెల్లబోర్డు చేతిలో పెట్టి, "జవాబు రాయించి పైకెత్తించండి. ఇది సరికొత్త పద్ధతండి!" అన్నారు ట్రైనరు గారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కొత్తా? మనం కలిసి చదివిన రెండో తరగతిలో ఏం చేశామర్రా? బొగ్గూ దొండాకు పసరూ రుద్దిన పలకల వాసన గుర్తుందా? లెక్కిచ్చి సుబ్బలక్ష్మి టీచరు గారు "పలకలు పైకెత్తండర్రా!" అనేవారు. ఎవరికి రాలేదో ఒక్క చూపులో తెలిసిపోయేది. ఓ రోజు తీసివేతల్లో సగం పలకలు తప్పే. బెత్తం లేస్తుందనే అనుకున్నాం. ఆవిడ మాత్రం నల్లబల్ల తుడిచేసి, "నేనే సరిగ్గా చెప్పలేదర్రా. మళ్ళీ చెప్తాను, వినండి," అన్నారు.

అందుకే ట్రైనరు గారిని అడిగాను: "సగం బోర్డులు తప్పయితే ఏం చెయ్యాలండి?"

"బోర్డుల్ని ఫోన్లో ఫొటో తీస్తే చాలు, ఆ పిల్లల పేర్లు యాప్‌లో ఎర్రగా వస్తాయి మేడమ్. ఇంక మీరేం చెయ్యక్కర్లేదండి!"