బావ కారులో తిరగని ఫ్యాను

మొన్న జగిత్యాలలో ఎవరిదో కారెక్కితే, ఏసీ వేయగానే బానెట్ కింద ఫ్యాను బుర్రుమని లేచింది. ఆ చప్పుడు వింటే చాలు, మా అక్క భర్త మొహం కళ్లముందుకొచ్చి పళ్లు నూరుకుంటాను. నేను బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. జాతర రద్దీలో కూడా నా చేతిలో బండి పాడైందన్న మాట పడలేదు. ఆ మాట బావ అన్నాడు. సిరిసిల్లలో పెళ్లికి పోతూ తన కొత్త కారు స్టీరింగు నాకిచ్చాడు. దారంతా బాగానే నడిచింది. ఊళ్లోకొచ్చి మరమగ్గాల సందులో, ఆటోల వెనక ఆగేసరికి వేడి సూది పైకెక్కి, బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. అంతే, నేను ఇంజను మాడగొట్టానని భోజనాల బంతిలో పప్పు వడ్డించేవాడితో సహా అందరికీ చెప్పాడు. ఇన్నేళ్లూ నా బస్సెక్కినవాళ్లను దేవుడే కాపాడాడట. అందరూ నవ్వారు. అక్క మాత్రం తల వంచుకుని అన్నం కలుపుకుంది. ఆ మాటను నలుగురిలో ఆయన చేతనే మింగించాలని విస్తరి ముందు నుంచి లేస్తూ అనుకున్నాను.

తర్వాత కూలెంటు మార్పించాడు, రేడియేటరు కడిగించాడు. రోగమూ పోలేదు, నా మీది నిందా పోలేదు. మరుసటి ఎండాకాలం కోరుట్లలో నాకు అవకాశం దొరికింది. బావ నడుపుతున్నాడు. పక్కన నేను, వెనక అక్క, ఆయన తమ్ముళ్లిద్దరు. మార్కెట్ రద్దీలో సూది లేచింది. నాకు పండగే అయింది, దాచడమెందుకు. రోడ్డు మీద చల్లగా ఉండి, ఆగితే కాగుతోందంటే గాలి చాలడం లేదన్నమాట. బానెట్ ఎత్తి ఏసీ వేయించాను. రేడియేటరు వెనక పెద్ద ఫ్యాను తిరుగుతోంది, ముందు జాలీ వెనకున్న ఏసీ ఫ్యాను కదల్లేదు. దాని ఫ్యూజు మాడి ఉంది. పక్క దుకాణంలో కొత్తది తెచ్చి వేస్తే అదీ మాడింది. కరెంటు అందుతోంది, ఫ్యానునేదో పట్టి ఉంచింది. ఇంజను ఆపించి వేలితో నెట్టాను, రెక్క కదల్లేదు. ఫోను లైటు వేసి చూస్తే ఇరుసుకు ఎర్రదారం, కొబ్బరి పీచు, ఎండిన బంతిపూలు బిగుసుకుని ఉన్నాయి. కొత్త బండికి కొండగట్టులో పూజ చేయించి ముందు జాలీకి కట్టిన దండ. దాన్ని మా ఇళ్లలో తీయరు, దానంతటదే రాలిపోవాలి. ఇది రాలి లోపలికి పోయింది.

దాన్ని కోసి తీసి, తమ్ముళ్లు చూస్తుండగా బావ చేతిలో పెట్టాను.

"బండి నేను ఖరాబ్ చేసిన అన్నవు గద బావా. మరి గిది ఎవలు కట్టిన్రు?"

ఆయన దండను తిప్పి చూశాడు. అక్క కారు దిగింది.

"గా దండ నేనే కట్టిన తమ్మీ. ఊడిపోవద్దని ముడి మీద ముడి ఏసిన."

బావకు నోరు లేచింది. బంతిలో నన్నన్న గొంతుతోనే, ఆడవాళ్ల చేయి పడితే కొత్త బండైనా మిగలదని మొదలుపెట్టాడు. తమ్ముళ్లు నవ్వారు. నేను అడ్డం పోబోతే అక్క నా చేయి పట్టుకుంది.

"పోనీ తియ్. నీ పేరైతే నిలవడ్డది గద, నాకు గంతే సాలు."

నిలబడిన ఆ పేరుతో నేనేం చేసుకోను? ఏళ్లు గడిస్తే పగ తగ్గుతుందనుకున్నాను. అప్పుడు నా కోసం పట్టిన పగ ఇప్పుడు అక్క కోసం మోస్తున్నాను, కాలం దాన్ని పెంచుతూనే ఉంది.